మనసు ‘చివుక్కు’మంటే... (సందేహాలు - సమాధానాలు)

కిందటి సంచికలో ఒక సమాధానం చివర మాటవరసకి ‘మనసు చివుక్కుమంది’ అని రాశాను. ఆ ఒక్క మాట పట్టుకుని ఉత్తరాలు వచ్చాయి. అర్థం అడిగినవాళ్ళు కొందరు, తప్పు పట్టినవాళ్ళు కొందరు, తమ చివుక్కుల చిట్టా రాసి పంపినవాళ్ళు ఇంకొందరు. ఈసారి శీర్షిక మొత్తం వాటికే.

‘మనసు చివుక్కుమంది’ అంటే ‘బాధ కలిగింది’ అనే కదా? ఒక్క అర్థానికి రెండు మాటలు దేనికి?
– ఒక విశ్రాంత ఉద్యోగి, ఒంగోలు

బాధ కలిగిందన్నది నిజమే, కానీ అది సగం సంగతి. బాధ అనే మాటకి కొలత లేదు. పంటి నొప్పీ బాధే, తండ్రి పోవడమూ బాధే. అది ఎంతసేపు ఉందో, ఎవరివల్ల వచ్చిందో ఆ మాట చెప్పదు. ‘చివుక్కు’ ఆ రెండూ చెబుతుంది.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. ఓ సంక్రాంతికి మా మేనత్త ఊరి నుంచి అరిసెలు పట్టుకొచ్చింది. డెబ్బై దాటిన మనిషి. పాకం తానే చూసుకుని, నువ్వులద్ది, చెక్కల మధ్య నొక్కి నూనె తీసి, స్టీలు డబ్బా నిండా సర్దుకుని, రెండు బస్సులు మారి వచ్చింది. పదో తరగతి చదువుతున్న మావాడు డబ్బా చూసి, “అయ్యో మామ్మా, మా ఇంట్లో ఇవి ఎవరూ తినరు. వాచ్‌మన్ వాళ్ళకి ఇచ్చేద్దాం” అన్నాడు. వాడి మాటలో ఏ విషమూ లేదు. అత్తయ్య నవ్వింది. “అంతేలేరా, ఈ కాలం పిల్లలు” అంటూ, గట్టిగానే ఉన్న డబ్బా మూతని బొటనవేళ్ళతో ఇంకోసారి నొక్కింది.

చివుక్కుమనడం అంటే అదీ. దానికి మూడు లక్షణాలు కనిపిస్తాయి. ఒకటి, అది క్షణంలో వస్తుంది. రెండు, కారణం చిన్నది, పంచాయతీ పెట్టేంత నేరం కాదు. మూడు, అన్నవాళ్ళు అయినవాళ్ళు. దారిన పోయేవాడు “మీ అరిసెలు ఎవడికి కావాలి” అంటే ఒళ్ళు మండుతుంది. మన పిల్లవాడు అంటే మనసు చివుక్కుమంటుంది. ఆశ పెట్టుకున్న చోటే ఆ చప్పుడు పుడుతుంది.

చివుక్కు, చురుక్కు, కలుక్కు, గతుక్కు – తొమ్మిదో తరగతి పిల్లలకు వీటి తేడా ఎలా చెప్పాలి? అన్నిటికీ ‘హఠాత్తుగా బాధపడు’ అనే రాస్తున్నారు.
– ఒక తెలుగు ఉపాధ్యాయిని, కరీంనగర్

అర్థాలు బట్టీ పట్టించకండి. వాళ్ళని ఒక పెళ్ళికి తీసుకెళ్ళండి.

శుభలేఖలో బంధువుల పేర్లన్నీ ఉన్నాయి. చిన్నప్పుడు పెళ్ళికొడుకుని ఎత్తుకుని తిప్పిన బాబాయి పేరు లేదు. మరచిపోయారంతే. బాబాయి మనసు చివుక్కుమంది. బంతిలో పక్కన కూర్చున్నాయన వడియం కొరుకుతూ, “కట్నం బాగానే గుంజారటగా” అన్నాడు. పెళ్ళికొడుకు తండ్రికి ఆ మాట చురుక్కున తగిలింది, ఎందుకంటే అందులో నిజం ఉంది. చురుక్కు అంటే కాలడం. కాల్చి పెట్టే వాత ‘చురక’. అందుకే ఎత్తిపొడుపు మాటలని చురకలు అంటాం. ఎండకీ చురుక్కే, ఇస్త్రీపెట్టె తగిలినా చురుక్కే.

ఇంతలో మేనమామ కన్ను పెళ్ళికూతురి తండ్రి చేతి మీద పడింది. ఏళ్ళ తరబడి ఉంగరం ఉన్న వేలికి తెల్లటి గుర్తు మాత్రమే మిగిలింది. మేనమామకి గుండెలో కలుక్కుమంది. తనకి జరిగినదానికి కాదు, ఎదుటివాళ్ళ స్థితి చూసి కలిగినదిది. లోపల ఏదో ములుకు కదిలినట్టు ఉంటుంది. చదివింపుల దగ్గర రాసుకునే కుర్రాడు కవరు విప్పి “ఇందులో ఏమీ లేదండీ” అని పైకే అన్నాడు. ఇచ్చినాయన గతుక్కుమన్నాడు. గుటక గొంతులో ఆగిపోయినట్టు, ఏమనాలో తోచని స్థితి. నొప్పి కన్నా ఇరకాటం ఎక్కువ.

నగల సంచీ కనపడలేదని ఎవరో అరిచారు. పెళ్ళికూతురి తల్లి గుండె గుభేలుమంది. అది భయం, పైనుంచి పడ్డంత బరువైన భయం. సంచీ మంచం కింద దొరికింది.

ఈ పెళ్ళిలో ఒకరి మాట ఇంకొకరికి మార్చి చూడమనండి. ఉంగరం లేని వేలు చూసి మేనమామ ‘గతుక్కుమన్నాడు’ అని రాస్తే, ఆ ఉంగరం తాకట్టులో ఆయనకీ వాటా ఉందేమోనన్న అనుమానం వస్తుంది. అది పట్టుకున్న పిల్లలకి తేడా వచ్చేసినట్టే.

ఈ మాటలన్నీ ‘క్కు’తోనే ఎందుకు ముగుస్తాయి? ఇది యాదృచ్ఛికమా?
– కవిత్వం రాసే ఒక విద్యార్థి, తెనాలి

అన్నీ ‘క్కు’తో ముగియవు. ముగిసేవాటికి మాత్రం ఒక పోలిక ఉంది. పైకి పలికి చూడండి: చటుక్కు, పుటుక్కు, తళుక్కు, చురుక్కు, చివుక్కు. ‘క్కు’ దగ్గర గొంతులో గాలి ఠక్కున ఆగుతుంది. దారం తెగినా, మెరుపు మెరిసి మాయమైనా, ముల్లు దిగినా అంతే. మొదలైనంత వేగంగా ముగుస్తాయి.

ఇప్పుడు ‘ల్లు’ చూడండి: ఝల్లు, ఘల్లు, జిల్లు. నాలుక పైకి ఆనినా గాలి పక్కల నుంచి జారిపోతూనే ఉంటుంది. గుండె ఝల్లుమంటే ఆ అదురు ఒళ్ళంతా పాకుతుంది. చల్లటి నీళ్ళు జిల్లుమంటే చలి వీపు దాకా వెళుతుంది. ‘ర్రు’ తిరుగుతూ సాగే వాటికి: గిర్రు, సర్రు, చుర్రు. చురుక్కుకీ చుర్రుకీ తేడా ఇక్కడే ఉంది. సూది మొన తగిలితే చురుక్కు, కాలిన పెనం మీద నీళ్ళు పడితే చుర్రు. ‘ఏలు’తో ముగిసేవి బరువుగా పడేవి: గుభేలు, ధడేలు, ఫెడేలు.

ఇంకో సంగతి. వీటిలో చాలావాటికి జంట రూపం ఉంటుంది. ఒకసారి జరిగితే భగ్గు, ఆగకుండా జరిగితే భగభగ. ఒకసారి తళుక్కు, అదే పనిగా తళతళ. ఒకసారి చురుక్కు, ఇసుకలో నడుస్తుంటే చురచుర. చివుక్కుకి మాత్రం ఈ అర్థంలో అలాంటి జంట వాడుకలో లేదు. అది ఒకే ఒక్క దెబ్బ. రోజూ పడే దెబ్బకి చివుక్కు అనం. దానికి వేధింపు అనో, నరకం అనో వేరే పేర్లున్నాయి. కవిత రాసేటప్పుడు ఈ లెక్క గుర్తుంటే చాలు, ‘నిత్యం చివుక్కుమనే మనసు’ లాంటి పాదం మీ కలం నుంచి రాదు.

మనసు ‘అనడం’ ఏమిటి? ‘చివుక్కుమంది’లో ‘అంది’ ఎందుకు? ఇక్కడ తమిళ స్నేహితులు అడిగితే చెప్పలేకపోయాను.
– ఒక పాఠకురాలు, చెన్నై

మీ స్నేహితులు అడగడం చిత్రమే, వాళ్ళ భాషలోనూ ఇదే పద్ధతి. తమిళంలో ‘సురుక్’ అనే ధ్వనికి మన ‘అను’కి సమానమైన ‘ఎన్’ ధాతువు చేర్చి, గుచ్చుకున్న నొప్పిని చెబుతారు. కన్నడంలో జాలితో ‘కరుళు చురుక్ ఎందితు’ అంటారు. కరుళు అంటే పేగు. మనకి మనసు చివుక్కు ‘అంటే’, వాళ్ళకి పేగు చురుక్ ‘అంటుంది’.

‘అను’ మన భాషలో మాటల్ని మోసే ధాతువు. “వస్తానని చెప్పాడు”లో ఉన్న ‘అని’యే “చివుక్కుమని”లోనూ ఉంది. ఎదుటివాడు అన్న మాటని యథాతథంగా ఎలా అప్పగిస్తామో, ఒంట్లో పుట్టిన కదలికని కూడా అలాగే దాని గొంతుతో అప్పగిస్తాం. ‘నాకు బాధ కలిగింది’ అనేది నేను ఇచ్చే నివేదిక. ‘మనసు చివుక్కుమంది’లో సాక్షి మనసే. ధ్వనికీ ‘అను’కీ నడుమ వచ్చే ‘మ’ ఈ రెంటినీ అతికిస్తుంది: చివుక్కుమను, ఝల్లుమను, భగ్గుమను.

ఈ మాటల్ని వ్యాకర్తలు అనుకరణ శబ్దాలు అన్నారు. ఇవి ఒక్క ద్రావిడ భాషల సొత్తు కాదు. ఎమెనో అనే భాషాశాస్త్రవేత్త 1969లో ‘లాంగ్వేజ్’ పత్రికలో రాసిన వ్యాసంలో, ఇలాంటి ధ్వన్యనుకరణలు ద్రావిడ, ఇండో-ఆర్య భాషలు కలిసి పంచుకున్న లక్షణమని చూపించారు. హిందీలో ‘దిల్ ధక్ సే రహ్ గయా’ అంటారు కదా, అక్కడా గుండెకి ఒక చప్పుడు ఉంది. మన గుండె దాన్ని ‘అంటుంది’, అంతే తేడా.

మా అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది. తెలుగు బాగానే మాట్లాడుతుంది. మొన్న “నువ్వలా అంటే నేను చివుక్కుమన్నాను” అంది. తప్పని తెలుసు, ఎందుకు తప్పో చెప్పలేకపోయాను. “గతుక్కుమన్నాను అనొచ్చుగా మరి?” అని ఎదురు ప్రశ్న వేసింది.
– ఒక తల్లి, డల్లాస్

మీ అమ్మాయికి నా అభినందనలు చెప్పండి. మనం పుట్టుకతో పాటిస్తూ ఎప్పుడూ గమనించని నియమం ఒకటి ఆ ప్రశ్నలో ఉంది.

ఈ మాటల్ని రెండు వరుసల్లో పెట్టి చూడండి. మొదటి వరుస: గతుక్కుమన్నాడు, భగ్గుమన్నాడు, కస్సుమంది, బావురుమంది, గొల్లుమన్నారు. వీటికి కర్త మనిషి. రెండో వరుస: మనసు చివుక్కుమంది, గుండె ఝల్లుమంది, గుండె గుభేలుమంది, కడుపులో కలుక్కుమంది. ఇక్కడ ‘అన్నది’ మనిషి కాదు, మనిషిలోని ఒక చోటు.

మొదటి వరుసలోనివన్నీ పైకి కనిపించేవి, వినిపించేవి. గతుక్కుమన్నవాడి మొహం చూస్తే తెలుస్తుంది. బావురుమంటే వీధికే తెలుస్తుంది. రెండో వరుసలోనివి పడ్డవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియవు. కనిపించేది మనిషి చేశాడు అంటాం, కనిపించనిది మనసుకి జరిగింది అంటాం.

అందుకే మీ అమ్మాయి “నా మనసు చివుక్కుమంది” అనాలి, లేదా “నాకు చివుక్కుమంది” అన్నా సరే. అదే లెక్కన “నాకు గతుక్కుమంది” కుదరదు. ఇంకొకరి గురించి చెప్పాల్సి వస్తే తెలుగువాళ్ళు ఎంత జాగ్రత్తగా ఉంటారో గమనించమనండి: “ఆవిడకి చివుక్కుమన్నట్టుంది”, “చివుక్కుమని ఉంటుంది పాపం”. తిన్నగా “ఆవిడ మనసు చివుక్కుమంది” అని తీర్మానించే అధికారం కథకులకే ఉంది. పాత్ర లోపలికి వెళ్ళి చూడగలిగినవాళ్ళు వాళ్ళే కదా. పైన మా అత్తయ్య విషయంలో నేనూ ఆ స్వతంత్రం తీసుకున్నాను. నాకు కనపడింది డబ్బా మూతే.

నా కథలో ‘కడుపు తరుక్కుమంది’ అని రాశాను. సంపాదకులు ‘తరుక్కుపోయింది’ అని దిద్దారు. ‘చివుక్కుమంది’ సరైనప్పుడు ‘తరుక్కుమంది’ ఎందుకు కాకూడదు?
– ఒక కథా రచయిత, విజయనగరం

సంపాదకులు దిద్దింది సరైనదే. రెండింటిలోనూ ‘క్కు’ ఉంది గానీ, పుట్టిళ్ళు వేరు. చివుక్కులోది చప్పుడు. తరుక్కులోది కత్తిపీట. కూర ‘తరుగు’తాం కదా, ఆ ధాతువుకి ‘కొను’ చేరి, ‘తరుగుకొని పోవు’ నోళ్ళలో నలిగి ‘తరుక్కుపోవు’ అయింది. అతుక్కుపోవు, ఇరుక్కుపోవు, వణుక్కుంటూ – ఇవన్నీ ఆ దారివే.

పరీక్ష సులువు. మాట పక్కన ‘మని’ పెట్టి చూడండి. చివుక్కుమని, చురుక్కుమని, కలుక్కుమని నిలుస్తాయి. అతుక్కుమని, ఇరుక్కుమని నిలవవు. తరుక్కుమని కూడా నిలవదు. ‘ఉలిక్కిపడు’ కూడా ఇలాగే చప్పుడులా వినిపిస్తుంది, కానీ అందులో ఉన్నది ‘ఉలుకు’ అనే క్రియ.

అర్థంలోనూ తేడా ఉంది. చివుక్కు క్షణమాత్రం. తరుక్కుపోవడానికి వ్యవధి కావాలి. కత్తిపీట ముందు కూర్చుని వంకాయ తరిగినంతసేపు లోపల ముక్కలవుతూ ఉండాలి. అప్పగింతలప్పుడు తల్లి కడుపు తరుక్కుపోతుంది. అక్కడ ‘మనసు చివుక్కుమంది’ అని రాస్తే, పిల్ల వెళ్ళిపోవడం కన్నా వెళుతూ తల్లి కాళ్ళకి దణ్ణం పెట్టడం మరచిపోవడమే ఆవిడకి పెద్దదయినట్టు ధ్వనిస్తుంది.

రోగులు “కలుక్కుమంది డాక్టరుగారూ”, “జివ్వుమంటోంది”, “సలుపుతోంది” అంటారు. నేను చదివింది ఇంగ్లీషులో. ఇవి కేవలం ‘నొప్పి’కి మారుపేర్లా?
– ఒక ప్రభుత్వ వైద్యురాలు, అనంతపురం జిల్లా

మారుపేర్లు కావు. వాటిలో మీకు పనికొచ్చే సమాచారం ఉంది. మాటల వరకే చెబుతాను, రోగనిర్ణయం మీది.

కలుక్కు: కదలికతో వచ్చేది. బిందె ఎత్తబోతే నడుం కలుక్కుమంది, మెడ తిప్పితే కలుక్కుమంది. ఆ మాట వినగానే “ఏం చేస్తుండగా?” అని అడగండి, జవాబు సిద్ధంగా ఉంటుంది. చుళుక్కు: సూది మొనతో పొడిచినట్టు, ఉండి ఉండి వచ్చేది. జివ్వు: నరం లాగినట్టు ఒకచోట మొదలై ఇంకోచోటికి పాకేది. చల్లటి నీళ్ళు తగిలి పన్ను జివ్వుమన్నప్పుడు దవడ దాకా తెలుస్తుంది. సలుపు: నాడి కొట్టుకుంటున్నట్టు ఆగకుండా వచ్చేది. గోరుచుట్టు సలుపుతుంది, రాత్రి నిద్ర పట్టనివ్వదు. పోటు: పొడుచు నుంచి వచ్చింది. చెవిపోటు, తలపోటు, పక్కపోటు. తీపు: రోజంతా నిలబడ్డ కాళ్ళది, మంచం మీద వాలాక తెలిసేది.

నొప్పికి మాటలు ముఖ్యమని వైద్యులూ గుర్తించారు. మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రొనాల్డ్ మెల్జాక్ 1975లో నొప్పిని వర్ణించే 78 ఇంగ్లీషు మాటల్ని 20 గుంపులుగా విడదీసి ఒక ప్రశ్నావళి తయారుచేశారు. గుచ్చడం, కాలడం, లాగడం, కొట్టుకోవడం దేనికది వేరు అన్నదే దాని పునాది. ఆ విభజన మీ రోగుల నోట్లో ముందే ఉంది. ‘పెయిన్ ఉందా?’ అని అడిగితే అది ‘ఉందండీ’ దగ్గర ఆగిపోతుంది. ‘ఎలా ఉంటుందమ్మా?’ అని అడిగి చూడండి.

ఇంగ్లీషులో ‘పాంగ్’ అనే మాట తరచూ తగులుతుంది. నిఘంటువులో ‘వేదన, తీవ్రమైన బాధ’ అని ఉంది. ‘అపరాధ భావన యొక్క వేదన’ అని రాస్తే నాకే నచ్చడం లేదు. తెలుగులో దీనికి మాట లేదా?
– ఒక అనువాదకుడు, హైదరాబాదు

ఒక మాట లేదు. ఒక డజను ఉన్నాయి. మీరు నామవాచకం కోసం వెతుకుతున్నారు, తెలుగు ఈ పని క్రియతో చేస్తుంది. ఇంగ్లీషువాళ్ళు ఆ కుదుపుకి ఒక పేరు పెట్టి, ‘ఆకలిది’, ‘అసూయది’ అని చీటీ అంటిస్తారు. మనం కుదుపుని జరిగినట్టే చూపించి, కారణాన్ని పక్క వాక్యంలో పెడతాం.

ఆకలి అయితే కడుపు నకనకలాడుతుంది. ప్రసవం అయితే పురిటి నొప్పులు. తప్పు చేశానన్న తలపు అయితే ‘అమ్మ మొహం చూడగానే లోపల ఎక్కడో కలుక్కుమంది’. అసూయ అయితే ‘పక్కింటి కారు చూసి చురుక్కుమంది’. ఊరి మీద బెంగ అయితే ‘ఆ పాట వినగానే ప్రాణం లాగింది’. విడిపోవడం అయితే ‘గుండె పిండినట్టయింది’. అయినవాళ్ళ నిర్లక్ష్యం అయితే, అది మన చివుక్కే.

కాబట్టి మీ వాక్యంలో అపరాధ భావననీ, వేదననీ రెంటినీ తీసేయండి. ఆ పాత్ర ఏం చూసి ఉలికిందో ముందు రాయండి, తర్వాత ఒక్క ‘కలుక్కుమంది’ వేయండి. అపరాధ భావన పాఠకుడికే తెలుస్తుంది. నిఘంటువు తప్పు చెప్పలేదు. ‘వేదన’ బరువైన సంస్కృత పదం, దిగడానికి సమయం పడుతుంది. మీకు కావలసింది వచ్చి పోయేది.

‘చివుక్కు మంది’ అని విడదీసి రాయవచ్చా? ‘జల్లుమంది’, ‘ఝల్లుమంది’ల్లో ఏది ఒప్పు?
– ఒక ప్రూఫ్ రీడర్, విజయవాడ

విడదీయకండి. ‘చివుక్కు మంది’ అంటే చివుక్కుకి చెందిన జనం అనుకోవాల్సి వస్తుంది. ‘అక్కడ చాలా మంది’, ‘మనసు చివుక్కుమంది’ – ఈ రెండు ‘మంది’లకీ చుట్టరికం లేదు. పంక్తి చివర చోటు చాలకపోతే మాట మొత్తాన్ని కింది పంక్తికి దించండి.

ఇక వత్తు సంగతి. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి తెలుగుకి ముప్పై ఆరు వర్ణాలు చెప్పాడు. వాటిలో ఘ, ఝ, ఢ, ధ, భలు లేవు. కానీ చప్పుడుని అనుకరించేటప్పుడు ఊపిరి దానంతట అదే బలంగా వస్తుంది. గజ్జెలు ‘గల్లు’మనడం కన్నా ‘ఘల్లు’మనడమే చెవికి నిజంగా ఉంటుంది. భగ్గు, ఢమఢమ, ధగధగ అలాగే నిలిచాయి. నోటితో జల్లుమన్నా తప్పులేదు. అచ్చులో ‘ఝల్లు’ మేలు, వాన జల్లుతో గందరగోళం ఉండదు.

పరీక్షల్లో ఇలాంటి మాటలు రాస్తే ‘గ్రామ్యం’ అని మార్కులు తీసేస్తున్నారు. న్యాయమేనా? మా వైపు ‘కలుక్కుమన్నది’ అంటారు, పుస్తకాల్లో ‘కలుక్కుమంది’ అని ఉంటుంది. ఏది రాయాలి?
– ఒక డిగ్రీ విద్యార్థి, జనగామ

న్యాయం కాదు. వ్యాకరణాలు అనుకరణ శబ్దాలని వెలివేయలేదు, వాటికి చోటిచ్చాయి. పద్యకవులు వాటిని ముచ్చటపడి వాడారు. పోతన పద్యాల్లో నడకలూ యుద్ధాలూ చప్పుళ్ళతోనే సాగుతాయి. 1852లో అచ్చయిన బ్రౌను తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు కూడా ఇలాంటి మాటల్ని పక్కన పెట్టలేదు. గ్రామ్యం అన్న ముద్ర మాటకి కాదు, పొంతన లేని చోట వాడితే ఆ వాడుకకి వేయాలి. అర్జీలో ‘జీతం ఆగడంతో నా గుండె గుభేలుమంది’ అని రాస్తే తప్పు సందర్భానిది.

మీ వైపు ‘కలుక్కుమన్నది’, కోస్తాలో ‘కలుక్కుమంది’, రాయలసీమలో ‘కలుక్కుమనింది’. ‘అను’ ఏ ప్రాంతంలో ఎలా నడుస్తుందో ఈ మాటలూ అలాగే నడుస్తాయి. మూడూ సాధువులే. ఒక వ్యాసంలో ఒకటే పాటించండి.

టీవీలో ఒక యాంకరు “మీ పాట విని మనసు చివుక్కుమంది, అంత ఆనందం” అన్నారు. ఆనందానికి కూడా వాడవచ్చా? అలాగే ‘చివికిపోయింది’కీ దీనికీ సంబంధం ఉందా?
– ఒక గృహిణి, రాజమహేంద్రవరం

ఆ గాయకుడి మనసు మాత్రం నిజంగానే చివుక్కుమని ఉంటుంది! ఆనందానికి చివుక్కు పనికిరాదు. ఒళ్ళు ఝల్లుమంది అనవచ్చు, ఝల్లు భయానికీ పులకింతకీ రెంటికీ సరిపోతుంది. మనసు తుళ్ళింది, ఒళ్ళు పులకరించింది – ఎన్ని లేవు!

‘చివికిపోవడం’ వాడుకలో పూర్తిగా వేరు. ఉతికి ఉతికి చీర చివికిపోతుంది, తడిసి తడిసి దూలం చివికిపోతుంది. అది ఏళ్ళ పని, ఇది క్షణం పని.

ఇది భాషా సందేహం కాకపోవచ్చు. మనసు చివుక్కుమన్నప్పుడు ఆ మాట వాళ్ళతో చెప్పాలా, ఊరుకోవాలా?
– పేరు రాయని ఒక పాఠకురాలు, వరంగల్లు

భాష వైపు నుంచే చెబుతాను. ఈ మాటని జనం ఎప్పుడు, ఎవరితో వాడుతున్నారో కొన్నాళ్ళు చెవి ఒగ్గి వినండి. దాదాపు ఎప్పుడూ భూతకాలమే: చివుక్కుమంది. ‘ఇప్పుడు నాకు చివుక్కుమంటోంది’ అని ఎదురుగా అన్నవాళ్ళని నేను వినలేదు. అంతేకాదు, ఆ మాట అన్నవాళ్ళకి చెప్పడం అరుదు. మూడో మనిషికి చెప్పడమే ఎక్కువ. “నిన్న వాడలా అనేసరికి మనసు చివుక్కుమంది వదినా” అని. కారణం చిన్నది కాబట్టి నిలదీస్తే తామే చిన్నబోతారు. చిన్నదే అయినా మరచిపోలేరు కాబట్టి ఎవరో ఒకరికి చెప్పుకోవాలి.

మా అత్తయ్య కూడా మా వాడితో ఏమీ అనలేదు, నాతోనూ అనలేదు. మా అమ్మతో అన్నదట. అమ్మ ఆ మాట నాకు చేరవేసేసరికి ఏడాది తిరిగి మళ్ళీ పండగ వచ్చింది. ఆ సంక్రాంతికి అత్తయ్య చేతిలో స్టీలు డబ్బా లేదు. బస్టాండు దగ్గర బేకరీలో కొన్న కేకు పెట్టె ఉంది. మావాడు ఎగిరి గంతేసి అందుకున్నాడు.